పుట్ ఓఐ చూసి కాల్ కొన్నా, నిఫ్టీ పడలేదు, మరి నా పైసలెందుకు పోయాయి?

హనుమకొండ నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. పేరు, కాలేజీ వివరాలు తీసేసి అసలు సంగతి మాత్రం ఇస్తున్నాను. వయసు 34, ప్రైవేటు జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతాడు. భార్య, ఆరేళ్ళ పాప ఉన్నారు. కిందటేడు సంక్రాంతి సెలవుల్లో ఆప్షన్స్ వీడియోలు చూడటం మొదలుపెట్టి, తర్వాత ఒక టెలిగ్రామ్ గ్రూపులో 6,000 కట్టి ఓపెన్ ఇంట్రెస్ట్ (ఓఐ) చదవడం మీద కోర్సు చేశాడు. కొత్తవాళ్ళ కోసం ఒక మాట: కాల్ అంటే ఒక నిర్ణీత ధరకి కొనే హక్కు, పుట్ అంటే ఆ ధరకి అమ్మే హక్కు, ఆ నిర్ణీత ధరే స్ట్రైక్, హక్కు కోసం కట్టేది ప్రీమియం, దాని గడువు తీరే రోజు ఎక్స్‌పైరీ. "ఏ స్ట్రైక్ దగ్గర పుట్ ఓఐ ఎక్కువుందో అది సపోర్ట్, కాల్ ఓఐ ఎక్కువున్నది రెసిస్టెన్స్, పెద్దోళ్ళు అమ్ముతారు, చిన్నోళ్ళు కొంటారు, పెద్దోళ్ళ వైపు నిలబడు" అని అక్కడ నేర్పారట. సపోర్ట్ అంటే ధర పడకుండా ఆగే చోటు, రెసిస్టెన్స్ అంటే పెరగకుండా ఆగే చోటు. ప్రతి మంగళవారం ఎక్స్‌పైరీకి నిఫ్టీలో (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) అట్లనే చేశాడు. సొంత పొదుపు 2 లక్షల 10 వేలు, భార్య హారం, గాజులు కుదువ పెట్టి తెచ్చిన లక్షా 80 వేలు, పెద్దపల్లిలో ఉండే బామ్మర్ది ఇచ్చిన లక్షన్నర, మొత్తం 5 లక్షల 40 వేలు పెడితే ఇప్పుడు ఖాతాలో మిగిలింది 62 వేలు. బామ్మర్దికి నూటికి మూడు రూపాయల మిత్తి అని చెప్పాడు కాబట్టి నెలనెలా 4,500 పంపుతున్నాడు, అది కూడా ఆ పెట్టుబడిలోంచే. బంగారం బ్యాంకు లాకర్లో ఉందని భార్య నమ్మకం. వచ్చే మాఘంలో ఆ బామ్మర్దికే పెళ్ళి.

అడిగినవి మూడు. "సపోర్ట్ అనుకున్న చోటు నిజంగానే నిలబడిన రోజుల్లో కూడా నాకు నష్టమే వచ్చింది, అంటే ఓఐని నేను ఎక్కడ తప్పు చదువుతున్నాను? గెలిచేది అమ్మేవాళ్ళే కాబట్టి నేను కూడా ఆప్షన్ సెల్లింగ్‌కి మారాలా? రికవర్ అయ్యాక ఇంట్లో చెబుదామనుకుంటున్నాను, తప్పా? అన్నా, తమ్ముడిలా అనుకుని చెప్పండి."

తమ్ముడూ, అట్లనే అనుకుని చెబుతా. మొదటి ప్రశ్నకి జవాబు దొరికితే మిగతా రెండింటికీ దారి అదే కనిపిస్తుంది, అందుకే దాని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఓఐ అంటే ఇంకా మూయని కాంట్రాక్టుల లెక్క, అంతే. మడికొండ దగ్గరో భీమారం దగ్గరో ఒక వెంచర్ పడిందనుకో. బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నారు, రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. అట్లాంటివి 500 ఉన్నాయనుకుంటే అది ఓఐ. ఒకాయన తన అగ్రిమెంటుని రిజిస్ట్రేషన్ కాకముందే లాభం చూసుకుని ఇంకొకరికి మార్చాడు, బేరం అయితే జరిగింది కానీ పెండింగ్ అగ్రిమెంట్లు అప్పుడూ 500లే. ఆ రోజు చేతులు మారిన బేరాలన్నీ కలిపితే వాల్యూమ్. కొత్తగా కొనేవాడు, కొత్తగా అమ్మేవాడు కలిస్తే ఓఐ ఒకటి పెరుగుతుంది. పాతవాళ్ళిద్దరూ ఒప్పందం తెంపుకుంటే ఒకటి తగ్గుతుంది. ఒకడు దిగిపోయి వాడి స్థానంలో ఇంకొకడు ఎక్కితే కదలదు. ఇప్పుడు నువ్వే చెప్పు, ఆ వెంచర్లో 500 అగ్రిమెంట్లు ఉన్నాయని తెలిస్తే గజం రేటు పెరుగుతుందో తగ్గుతుందో తెలిసినట్టేనా? పెరుగుతుందని నమ్మినవాళ్ళు 500 మంది ఎంత నిజమో, ఈ రేటుకి ఇచ్చేస్తే నయమని సంతకం పెట్టినవాళ్ళు 500 మంది కూడా అంతే నిజం.

నీ కోర్సులో దాటేసింది ఇదే. ప్రతి కాంట్రాక్టుకీ ఒక కొన్నవాడు, ఒక అమ్మినవాడు ఉంటారు. 25,000 పుట్ దగ్గర ఓఐ బాగా పెరిగిందంటే అక్కడ పుట్‌లు బాగా అమ్మారు, అంతే బాగా కొన్నారు కూడా. అమ్మింది పెద్దోళ్ళు, కొన్నది చిన్నోళ్ళు అని ఎవరు చెప్పారు? వేల కోట్ల షేర్లు పెట్టుకున్న ఒక ఫండ్ తన షేర్లకి రక్షణగా పుట్‌లు కొని ఉండవచ్చు. అక్కడ కొన్నవాడే పెద్దోడు. లేదా ఒకడే 25,000 పుట్ అమ్మి 24,800 పుట్ కొని ఉండవచ్చు, నీకు రెండు చోట్లా ఓఐ పెరిగినట్టు కనిపిస్తుంది, రెండూ ఒకే మనిషివని కనిపించదు. ఇంకొకడు అదే స్ట్రైక్‌లో కాల్, పుట్ రెండూ అమ్ముతాడు, వాడికి సపోర్టూ లేదు రెసిస్టెన్సూ లేదు, మార్కెట్ కదలకపోతే చాలు. 25,000 లాంటి గుండు అంకెల దగ్గర ఎప్పుడూ గుంపు ఎక్కువే ఉంటుంది, దానికి పెద్ద రహస్యమేమీ లేదు.

రోజూ మార్కెట్ అయిపోయాక ఎన్ఎస్ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్చేంజ్) ఒక పట్టిక పెడుతుంది, విదేశీ సంస్థలు, దేశీయ సంస్థలు, ప్రొప్రైటరీ వాళ్ళు (సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థలు), మనలాంటి క్లయింట్లు ఎవరి చేతిలో ఎన్ని కాల్స్, పుట్స్ కొన్నవీ అమ్మినవీ ఉన్నాయో అందులో ఉంటుంది. ఉచితమే. అయితే అది కూడా స్ట్రైక్ వారీగా చెప్పదు. అంటే ఫలానా స్ట్రైక్ దగ్గర పెద్దోళ్ళు నిలబడ్డారని నీ గ్రూపులో అంటున్నదానికి చేతిలో ఆధారం లేదు, ఊహ ఉంది.

ఇక నిన్ను అన్నిటికన్నా ఎక్కువ తొలిచిన విషయానికి వస్తా, సపోర్ట్ నిలబడింది కానీ నీ పైసలు పోయాయన్నావే, అది. లెక్కల మాస్టారువి కదా, ఇది కాగితం మీద వేసుకో. సోమవారం మధ్యాహ్నం నిఫ్టీ 25,010 దగ్గర ఉంది. 25,000 పుట్‌లో ఓఐ ఎక్కువుంది, కింద పడదు అనుకున్నావు, 25,000 కాల్ 110 పెట్టి కొన్నావు. మంగళవారం సాయంత్రం నిఫ్టీ 25,020 దగ్గర ముగిసింది. నువ్వు అనుకున్నట్టే పడలేదు, ఓఐని నువ్వు చదివింది కరెక్టే. కానీ నీ కాల్ విలువ ఇప్పుడు 20. యూనిట్‌కి 90 పోయింది. నీ పైసలు నీకు తిరిగి రావాలంటేనే నిఫ్టీ 25,110 దాటాలి, ఆ పైన బ్రోకరేజీ, ఎస్‌టీటీ (షేర్ లావాదేవీల పన్ను). "పడదు" అనే మాటకీ "రేపటికల్లా వంద పాయింట్లు పెరుగుతుంది" అనే మాటకీ మధ్య ఎంత దూరముందో చూడు. పుట్ అమ్మినవాడికి మొదటిది జరిగితే చాలు. నీకు రెండోది జరగాలి. వాడి అభిప్రాయం చూసి నువ్వు వేరే పందెం కాశావు. అందుకే సరిగ్గా చదివిన రోజు కూడా పోయాయి. ఇంకో వంద కోర్సులు చేసి ఓఐ ఇంకా బాగా చదివినా ఆ దూరం పూడదు, ఎందుకంటే కొన్న ఆప్షన్‌లో టైమ్ వాల్యూ (మిగిలిన గడువుకి కట్టిన విలువ) కరుగుతూనే ఉంటుంది, ఎక్స్‌పైరీకి ముందురోజు, ఆ రోజు ఇంకా తొందరగా కరుగుతుంది.

చదివింది తప్పిన రోజుల సంగతి కూడా చెప్పుకుందాం. సపోర్ట్ అనుకున్న చోటు తెగినప్పుడు పుట్ అమ్మినవాళ్ళు గబగబా తిరిగి కొనుక్కుని బయటపడతారు, అప్పుడు అక్కడ ఓఐ తగ్గుతుంది. నువ్వు ఆ తగ్గుదల చూసేసరికి నిఫ్టీ అప్పటికే పడిపోయి ఉంటుంది. చాలాసార్లు ఓఐ ధర వెనకాల నడుస్తుంది, ముందు నడవదు. ధర పెరిగి ఓఐ పెరిగితే లాంగ్ బిల్డప్ (కొత్తగా కొంటున్నారు), ధర పెరిగి ఓఐ తగ్గితే షార్ట్ కవరింగ్ (అమ్మినవాళ్ళు తిరిగి కొంటున్నారు) అని నీకు ఇచ్చిన పట్టిక ఫ్యూచర్స్‌కి (ముందు తేదీకి కొనే, అమ్మే ఒప్పందాలు) ఒక మోస్తరుగా పనికొస్తుంది, ఆప్షన్ ప్రీమియంకి దాన్ని అలాగే తగిలిస్తే పొరపాటు పడతావు, ఎందుకంటే ప్రీమియం ఇండెక్స్ కదలికతో పాటు వొలటాలిటీతో (ఒడిదుడుకుల అంచనా), మిగిలిన సమయంతో కూడా మారుతుంది. పీసీఆర్ కూడా అంతే, మొత్తం పుట్ ఓఐని కాల్ ఓఐతో భాగిస్తే వచ్చే అంకె. అది 1 దాటితే మార్కెట్ పెరుగుతుందని ఒకరు చెబుతారు, మరీ ఎక్కువైతే పడుతుందని ఇంకొకరు చెబుతారు, ఏది జరిగినా తర్వాత ఏదో ఒక వివరణ అతుకుతుంది. ఇట్లాంటిదాన్ని నువ్వు క్లాసులో పిల్లలకి రుజువు అని చెప్పవు కదా.

మరి ఓఐ పనికిరాదా అంటే, పనికొస్తుంది, నిన్ను నమ్మమన్న పనికి మాత్రం కాదు. ఓఐ, వాల్యూమ్ రెండూ బాగున్న స్ట్రైక్‌లో కొనే ధరకీ అమ్మే ధరకీ తేడా తక్కువుంటుంది, బయటికి రావాలంటే ఎదుటివాడు దొరుకుతాడు. ఓఐ పల్చగా ఉన్నచోట లాభంలో ఉండి కూడా మంచి రేటుకి బయటికి రాలేవు. గ్రూపు వాళ్ళు ఇప్పుడు స్టాక్ ఆప్షన్స్ చూడమంటున్నారని రాశావు, అక్కడ ఓఐ నిజంగానే ఒక నియమం లాగా పనిచేస్తుంది. ఒక షేరు మీద మొత్తం ఓఐ, దానికి పెట్టిన మార్కెట్ పరిమితిలో 95 శాతం దాటితే ఆ షేరు బ్యాన్‌లోకి వెళ్తుంది, రిస్కు పెంచే కొత్త పొజిషన్లు తీసుకోనివ్వరు, ఉన్నది తగ్గించుకోవాలి. పైగా స్టాక్ ఆప్షన్స్‌లో ఎక్స్‌పైరీ దాకా ఉంచుకుంటే సెటిల్‌మెంట్ షేర్ల రూపంలో జరుగుతుంది, కాల్ కొని ఇన్‌ ద మనీలో (షేరు ధర స్ట్రైక్ పైన ఉండగా) ముగిస్తే ఆ లాట్ (ఒక కాంట్రాక్టులో ఉండే నిర్ణీత సంఖ్య) షేర్లన్నిటికీ డబ్బు కట్టాల్సి వస్తుంది. 62 వేలతో అటువైపు వెళ్ళకు.

రెండో ప్రశ్న, అమ్మడం. గెలిచేది అమ్మేవాళ్ళే అనేది సగం మాట. 2024 సెప్టెంబరులో సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) విడుదల చేసిన లెక్క ప్రకారం 2021–22 నుంచి 2023–24 వరకు ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ఉన్న కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు, సగటున ఒక్కొక్కరికి దాదాపు 2 లక్షలు, ఖర్చులతో కలిపి. 2024–25కి మళ్ళీ చూస్తే 91 శాతం. లాభపడ్డవాళ్ళు ఎవరంటే 2023–24లో ప్రొప్రైటరీ ట్రేడర్లు సుమారు 33 వేల కోట్లు, విదేశీ సంస్థలు సుమారు 28 వేల కోట్లు, ఆ లాభంలో 96, 97 శాతం కంప్యూటర్ అల్గారిథమ్‌ల ద్వారా వచ్చిందే. వాళ్ళకి లాభం ఆప్షన్ అమ్మినందుకు వచ్చిందనుకుని మనం కూడా అమ్మితే సరిపోతుందనుకోవడం దగ్గరే పప్పులో కాలేస్తున్నాం. వాళ్ళు అమ్ముతారు, కొంటారు, క్షణాల్లో సరిచేసుకుంటారు, ఒక రోజు దెబ్బ తిన్నా తట్టుకునే డబ్బు ఉంటుంది. నిఫ్టీలో ఒక్క లాట్ విడిగా అమ్మాలన్నా లక్ష రూపాయలకు బాగా పైనే మార్జిన్ (హామీగా కట్టే డబ్బు) కావాలి, 2024 నవంబరు నుంచి ఎక్స్‌పైరీ రోజున అమ్మిన ఇండెక్స్ ఆప్షన్ల మీద ఇంకో 2 శాతం అదనపు మార్జిన్ కూడా పెట్టారు. నీ దగ్గరున్నది 62 వేలు. అంటే మళ్ళీ బంగారమో, మళ్ళీ బామ్మర్దో. కొన్న ఆప్షన్‌లో పెట్టినంతే పోతుంది, అమ్మిన ఆప్షన్‌లో పెట్టినదానికి మించి పోవచ్చు, పది వారాలు చిన్న చిన్న లాభాలు వచ్చి పదకొండో వారం ఒక్క ఉదయంలో అవన్నీ, పైన ఇంకొంత పోయే రకం అది. ఈ దారి నాకు అస్సలు ఇష్టం లేదు, నీ పరిస్థితిలో.

ఇప్పుడు నీ ముందున్న దారులు. ఎంచుకునేది నువ్వే, దేని వెనక ఏముందో చెబుతా.

పూర్తిగా ఆపేయడం ఒకటి. బ్రోకర్ ఖాతాలో ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్‌ని మూయించుకోవచ్చు, అడిగితే చేస్తారు. అప్పుడు, పంపిన మిత్తితో కలిపి, 4 లక్షల 78 వేల నష్టం ఇక మారని అంకె అయిపోతుంది, ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. కానీ మరుసటి నెల నుంచి జీతం జీతంలాగే ఉంటుంది, అప్పు ఎన్ని నెలల్లో తీరుతుందో నువ్వు లెక్క వేసుకోగలవు. సెబీ అధ్యయనంలో నన్ను ఆపింది ఇంకొక అంకె, వరసగా ఏళ్ళు నష్టపోయినవాళ్ళలో 75 శాతానికి పైగా మళ్ళీ ట్రేడింగ్ కొనసాగించారట. ఎందుకో నీ ఉత్తరం చదివితే తెలుస్తుంది, "రికవర్ అయ్యాక" అనే మాట అందులో మూడు చోట్ల ఉంది.

డబ్బు పెట్టకుండా చూడటం ఇంకొకటి. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఓఐ చూసి ఈ రోజు ఇలా ముగుస్తుందని నోట్‌బుక్‌లో రాయి, సాయంత్రం మూడున్నరకి సరిచూడు, మూడు నాలుగు నెలలు. కాల్ కొనుంటే ఏమయ్యేదో కూడా ప్రీమియంతో సహా రాయి. నీకు లెక్కలొచ్చు కాబట్టి నిన్ను నువ్వు మోసం చేసుకోకుండా చేయగలవు. దీనివల్ల ఓఐకి నీ ట్రేడ్‌లో నిజంగా విలువ ఉందో లేదో నీకే తెలుస్తుంది, ఇంకొకరి కోర్సు అక్కర్లేదు. ఇబ్బంది ఏంటంటే కాగితం మీద భయముండదు, ఆశ ఉండదు. నాలుగు వారాలు కలిసొస్తే చెయ్యి ఊరుకోదు. క్లాసుల మధ్య ఫోన్ చూసే అలవాటు కూడా పోదు.

మూడోది, చిన్న మొత్తంతో కొనసాగడం. ఇదే అనుకుంటే 25,000 కాల్ కొని 25,200 కాల్ అమ్మడం లాంటి స్ప్రెడ్‌లు చూడు, ఖర్చు తగ్గుతుంది, లాభానికి పైన హద్దు పడుతుంది, నష్టానికి కింద హద్దు పడుతుంది. కానీ ఆ డబ్బు నీ జీతంలో మిగిలినదై ఉండాలి, పోతే ఆ నెల ఇంట్లో ఎవరికీ తెలియనంత చిన్నదై ఉండాలి. ఇప్పుడు ఖాతాలో ఉన్న 62 వేలు అట్లాంటివి కావు. అవి బామ్మర్దివో, బంగారానివో. నీవి ఎప్పుడో అయిపోయాయి.

ఆ మిత్తి విషయంలో మాత్రం నీకు దారులు చెప్పను, ఈ నెల నుంచే ఆపు. లాభం రాకుండా అసలులోంచి తీసి మిత్తి అని పంపుతున్నావు, పంపిన ప్రతి 4,500కి అతని నమ్మకం పెరుగుతుంది, అతని అసలు తగ్గుతుంది. పెళ్ళి దగ్గరపడ్డాక ఒకేసారి అడుగుతాడు. రేపు అతని స్నేహితుడు కూడా "బావా, నావి కూడా పెట్టు" అంటే ఏం చెబుతావు? ఇప్పుడే ఫోన్ చేసి నష్టం వచ్చింది, ఇదిగో లెక్క, మిగిలిన 62 వేలు నీకే పంపుతున్నా, మిగతాది ఇన్ని నెలల్లో ఇస్తా అని చెబితే తిడతాడు, కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు. కానీ పెళ్ళి ఖర్చులు వేరేగా సర్దుకోవడానికి అతనికి నెలల సమయం దొరుకుతుంది. మాఘంలో తెలిస్తే ఆ సమయం కూడా ఉండదు.

అయితే అతనికి చెప్పేముందు మీ ఆవిడకి చెప్పాలి. తమ్ముడి ద్వారా ఆమెకి తెలియడం కన్నా పెద్ద దెబ్బ ఇంకోటి ఉండదు. మూడు రకాలుగా ఆలోచిస్తున్నట్టు రాశావు. రికవర్ అయ్యాక చెప్పడం అంటే ఎప్పటికో తెలియని తేదీ, అప్పటిదాకా గోల్డ్ లోన్ మిత్తి పెరుగుతుంది, గడువు దాటితే బ్యాంకు నోటీసు ఇంటికే వస్తుంది, అప్పటికీ కట్టకపోతే వేలం దాకా వెళ్తుంది. నష్టం సంగతి మాత్రం చెప్పి బంగారం సంగతి దాచడం అంటే తమ్ముడి పెళ్ళికి హారం తీసుకురమ్మన్న రోజు ఇంకోసారి దొరికిపోవడం. మొత్తం ఒకేసారి, లోన్ కాగితాలు ముందు పెట్టి చెప్పడం మూడోది. ఆమె ఏడవొచ్చు, పుట్టింటికి వెళ్ళొచ్చు, "నా బంగారం ముట్టుకోవడానికి నువ్వెవరు" అనొచ్చు, ఆ మాట అనే హక్కు ఆమెకి ఉంది. వెంటనే ఓఐ, ప్రీమియం అంటూ వివరించకు. ఆమె అడిగేది బంగారం ఎప్పుడు వస్తుందని, దానికి తేదీ చెప్పగలిగేలా వెళ్ళు. ట్యూషన్లు చెప్పే అవకాశముందా, చిట్టీ ఏదైనా నడుస్తుందా, లోన్‌లో కొంత కొంత కట్టి మిత్తి తగ్గించుకోవచ్చా, బ్యాంకులో ముందే కనుక్కో. రెండు వస్తువుల్లో ఒకటి అమ్మి ఇంకోటి విడిపించడం కూడా ఒక దారే, కానీ ఆ నిర్ణయం ఆమెది.

ఆ కోర్సు గురించి ఒక్క మాట. డబ్బు తీసుకుని ఏది కొనాలో ఏది అమ్మాలో చెప్పేవాళ్ళు సెబీ దగ్గర నమోదై ఉండాలి, రీసెర్చ్ అనలిస్ట్ అయితే ఐఎన్‌హెచ్‌తో మొదలయ్యే నంబరు ఉంటుంది, సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. మేం చదువు మాత్రమే చెబుతాం అనేవాళ్ళు గడిచిన 3 నెలల ధరలు వాడకూడదని 2025 జనవరిలో సెబీ స్పష్టం చేసింది. మంగళవారం పొద్దున్నే లైవ్‌లో స్ట్రైక్ పేరు చెప్పి కొనమనేవాళ్ళు దీంట్లో ఎక్కడికొస్తారో నువ్వే చూడు. నంబరు లేకపోతే గ్రూపులోంచి బయటికి రా, స్క్రీన్‌షాట్లు, డబ్బు కట్టిన రసీదు దాచిపెట్టుకుని సెబీకి తెలియజేయి. 6,000 వెనక్కి వస్తాయని నేను మాట ఇవ్వలేను.

చివరిగా, ఇది ఎవరూ చెప్పి ఉండరు. ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని ఆదాయపు పన్ను శాఖ వ్యాపార నష్టంగా చూస్తుంది. జీతంలోంచి తీసేయడానికి వీల్లేదు కానీ, గడువులోపు ఐటీఆర్-3 రిటర్ను ఫారం వేస్తే ఆ తర్వాతి 8 ఏళ్ళ వరకు వచ్చే వ్యాపార ఆదాయంతో సర్దుకోవచ్చు. నువ్వు ట్యూషన్లు మొదలుపెడితే ఆ ఆదాయానికి ఇది పనికొస్తుందేమో అడగాలి. ఇన్నాళ్ళూ జీతానికని ఐటీఆర్-1 వేస్తూ వస్తే ఈసారి అది సరిపోదు. బ్రోకర్ దగ్గర ట్యాక్స్ పీ అండ్ ఎల్ (లాభనష్టాల) రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసుకుని, గడువు దాటకముందే దగ్గర్లోని సీఏ దగ్గరికి వెళ్ళు. ఇంట్లో చెప్పేటప్పుడు కూడా అదే కాగితం ముందు పెట్టు, అంకెలన్నీ అందులోనే ఉంటాయి.